విప్లవ నాటకంలో వలస ఇల్లు ఏదీ?

2023లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే థియేటర్‌లో కింది అంతస్తు కుర్చీలు తీసేసి, హాలును డిస్కో క్లబ్బులా మార్చారు. ‘హియర్ లైస్ లవ్’ అనే మ్యూజికల్ (పాటల నాటకం) కోసం. ఫిలిప్పీన్స్ నియంత మార్కోస్ భార్య ఇమెల్డా కథ అది. ప్రేక్షకుల్లో చాలామంది నిలబడి, నటులతో కలిసి ఆడుతూ చూశారు. నటీనటులంతా ఫిలిపినోలే కావడం న్యూయార్క్ పెద్ద నాటకశాలల ప్రాంతమైన బ్రాడ్‌వేలో అదే మొదటిసారి. అది చిన్న గౌరవం కాదు. అయినా ఆ నాటకంలో నాకొక పెద్ద లోటు కనిపిస్తుంది. ఇల్లు, ఊరు వదిలి పరాయి దేశాల్లో కష్టపడ్డ ఫిలిపినో కుటుంబం అందులో లేదు.

అందులో ఒక తల్లి మాత్రం ఉంది. మూడేళ్లు అమెరికాలో ఉండి వచ్చిన ప్రతిపక్ష నేత నినోయ్ అక్వినోను 1983 ఆగస్టు 21న మనీలాలో విమానం దిగీ దిగగానే కాల్చి చంపారు. కొడుకు ఒంటిమీది నెత్తుటి బట్టలు మార్చొద్దని, ముఖం మీది గాయం కప్పొద్దని తల్లి అరోరా పట్టుబట్టారు. ఏం చేశారో జనం కళ్లారా చూడాలన్నారు. బ్రాడ్‌వేలో కొన్నాళ్లు ఆ పాత్ర వేసింది పేరున్న ఫిలిపినో గాయని, నటి లియా సలోంగా. రాజకీయం ఒక ఇంట్లోకి అడుగుపెట్టేది ఆ కాసేపే. మిగతాదంతా రాజభవనం చుట్టూ తిరుగుతుంది.

నిజానికి మార్కోస్ పాలనను డాలర్లతో నిలబెట్టిన వాళ్లలో వలస కూలీలూ ఉన్నారు. 1974 కార్మిక చట్టంతో మనుషుల్ని విదేశాలకు పంపడం ప్రభుత్వ పనే అయిపోయింది. 1982లో 857 నంబరు ఉత్తర్వు వచ్చింది. జీతంలో సగం నుంచి 80 శాతం దాకా బ్యాంకుల ద్వారానే ఇంటికి పంపాలి, లేదంటే పాస్‌పోర్టు రెన్యువల్ కాదు. గల్ఫ్‌కి మనిషిని పంపిన జగిత్యాల, నిజామాబాద్ ఇళ్లకు ఆ టెన్షన్ ఎలాంటిదో ఒకరు చెప్పక్కర్లేదు. హాంకాంగ్‌లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు సంఘం కట్టి ఎదురు తిరిగారు. 1985లో ఆ శిక్షలు రద్దయ్యాయి. మార్కోస్‌ను గద్దె దించడానికి మనీలా వీధుల్లో జనం ట్యాంకులకు అడ్డం నిలబడింది ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో!

అమెరికాలోని సియాటిల్‌ సంగతి ఇంకా దారుణం. అలాస్కాలో చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల (క్యానరీల) ఫిలిపినో కార్మిక నాయకులు సిల్మే డొమింగో, జీన్ వియెర్నెస్‌లను 1981 జూన్ 1న యూనియన్ ఆఫీసులోనే కాల్చారు. మార్కోస్‌ను గట్టిగా వ్యతిరేకించిన కుర్రాళ్లు వాళ్లు. ఆ హత్యలకు మార్కోస్ దంపతులూ బాధ్యులేనని 1989లో అమెరికాలో ఒక సివిల్ కేసులో జ్యూరీ తేల్చింది.

నాటకానికి నన్ను కథ అడిగితే మాత్రం హవాయిలోని హొనొలులు వెళ్లమంటాను. 1986లో గద్దె దిగిన మార్కోస్ చేరింది హవాయికే. చెరకు తోటల్లో కూలీలుగా వచ్చి స్థిరపడ్డ ఇలొకానోలు (ఫిలిప్పీన్స్ ఉత్తర ప్రాంతం వాళ్లు) అక్కడ ఎక్కువ. ఆయనా ఇలొకానోనే. చాలామంది అభిమానంగా ఆదరించారు. అదే ఊళ్లోని కోర్టు తర్వాత మార్కోస్ పాలనలో హింసకు గురైన దాదాపు పదివేల మంది బాధితులకు సుమారు 200 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పిచ్చింది.

ఆ ఊళ్లో ఒక వంటిల్లు ఊహించండి. మనీలాకు పంపాల్సిన అట్టపెట్టె సగం నిండి ఉంది: సబ్బులు, మాంసం డబ్బాలు, పిల్లల చొక్కాలు. మార్కోస్ దిగాడని టీవీ చెబుతోంది. పెదనాన్న ‘మనూరి మనిషి’ అంటూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటున్నాడు. తమ్ముడి కూతురు పెట్టెకు టేపు వేస్తోంది, తలెత్తడం లేదు.