మా ఇంటి కుక్క పరుపు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పరుపు గారికి,

హాల్లో కిటికీ పక్కన, ఫ్యాన్ గాలి సూటిగా తగిలే చోటు మీకిచ్చాం. ఈ ఇంట్లో నాకే దక్కని చోటది. దత్తత తెచ్చుకున్న కుక్క కంటే వారం ముందే మీరు వచ్చేశారు. దానికో పేరు ఆలోచించి మీ మీద కుట్టించింది కూడా నేనే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! తీరా వచ్చాక తెలిసింది, నాలుగేళ్లుగా దానికో పేరుందని, ఆ పేరుతో పిలిస్తేనే చెవి కదుపుతుందని. కాబట్టి మీ మీదున్న పేరు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

మొదటి రోజు మీకు గుర్తుండే ఉంటుంది. ఇంటిల్లిపాదీ మీ చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ, "రా, రా, ఇదే నీ ఇల్లు" అని ఒకటే గోల. అది పెద్దగా ఆవలించింది. "పాపం నిద్రొస్తోంది, ఇప్పుడు పరుపెక్కుతుంది చూడండి" అన్నాం. మూతి నాక్కుంది. "ఆకలేస్తోంది" అన్నాం. తోక కాళ్ల మధ్య ముడుచుకుని, తల తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకి తిప్పింది. కంట్లో తెల్లగుడ్డు కనిపించింది. "అబ్బ, ఎంత ముద్దుగా చూస్తోందో" అని ఫోటో తీశాం. ఆవలింత, మూతి నాక్కోవడం, ఆ చూపు అన్నీ కలిపి "నాకు భయంగా ఉంది, కాస్త దూరం జరగండి" అని చెప్పడమట. అంత వివరంగా చెప్పినా అర్థం కాకపోయేసరికి అది మీ పక్కనుంచే నడుచుకుంటూ వెళ్లి నా మంచం కింద దూరింది.

మీకు జరిగిన అవమానం అక్కడితో మొదలు.

దత్తత ఇచ్చేవాళ్లు ఓ లెక్క చెబుతుంటారు. బెదురు తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి పట్టుబడడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అని కుదుటపడడానికి 3 నెలలు. ఉజ్జాయింపు లెక్కేలెండి, కొన్నింటికి ఇంకా ఎక్కువే పడుతుంది. మా ఓపిక మాత్రం 3 గంటలు. సాయంత్రానికే "దీనికేదో జబ్బుంది" అని మావాళ్లు తేల్చేశారు.

తిండి సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. పాతది ఆపేసి, ఖరీదైనది కదా అని ఒకేసారి కొత్తది పెట్టాను. ఒకరోజు ముట్టలేదు. మర్నాడు తింది. ఆ మర్నాడు కార్పెట్ పోయింది. పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలట. ఇంకొకరు, "నాలుగేళ్ల కుక్క కదా, బయటికెళ్లడం నేర్చుకోలేదా?" అని అడిగారు. నేర్చుకుంది, అక్కడ. ఇక్కడ ఏ తలుపు తీస్తే బయటికెళ్లొచ్చో దానికేం తెలుసు? నాకే కొత్త ఇంట్లో స్విచ్చులు తెలియడానికి నెల పట్టింది.

ఇక మా బావగారు. "కుక్కలకి నేనంటే ప్రాణం" అనే మనిషి ప్రతి చుట్టరికంలోనూ ఒకరుంటారు. రావడంతోనే మంచం దగ్గర వంగి, చెయ్యి లోపలికి పెట్టి, తల నిమరబోయారు. గుర్రుమంది. "మొదట్లోనే రెండు తగిలించకపోతే నెత్తికెక్కుతుంది" అని తీర్పు చెప్పారు. గుర్రుమనడం హెచ్చరిక బావగారూ, దాన్ని కొట్టి మాన్పిస్తే ఈసారి హెచ్చరిక లేకుండానే కరుస్తుంది అన్నాను. ఆయన అలిగి మీ మీద కూర్చున్నారు. అప్పటిదాకా మిమ్మల్ని వాడిన ఏకైక ప్రాణి ఆయనే.

ఆ తర్వాత రెండో ప్రాణిని నేను. రాత్రి రెండింటికి గోళ్లు నేల మీద టక్ టక్ మనేవి. గిన్నెలో నీళ్లు నాకే చప్పుడు. నేను కదిలితే ఆగిపోయేది. పగలు మేము పిలిచిన కొద్దీ లోపలికి జరిగిన కుక్క, మేము పట్టించుకోనప్పుడు ఇల్లంతా చూసుకుంటోందన్నమాట. దాంతో మిమ్మల్ని గదిలోకి లాగి, మీ మీద కూర్చుని, మంచానికి వీపు పెట్టి పేపర్ చదవడం మొదలుపెట్టాను. పిలవడం లేదు, చూడడం లేదు. అప్పుడప్పుడూ ఓ బిస్కెట్ ముక్క వెనక్కి జారవిడవడమే. తొమ్మిది రోజులు సినిమా పేజీతో సహా మొత్తం పేపర్ చదివాను. పదో రోజు మడమకి చల్లగా, తడిగా ఏదో తగిలింది. తిరిగి చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డానో మీరొక్కరే సాక్షి.

అసలు లోపం మీలోనే ఉందని అప్పుడు తెలిసింది. మీరు కొట్టు వాసన వేసేవారు. ముక్కుతో లోకాన్ని చదువుకునే ప్రాణికి మీరో ముక్కూ మొహం తెలియని మనిషి. ఈ పది రోజుల్లో నా చెమట, బిస్కెట్ పొడి, పేపర్ సిరా పట్టించుకుని కాస్త తెలిసిన మనిషయ్యారు. నిన్న నేను టీకి లేచి తిరిగొచ్చేసరికి మీ మీద చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. నన్ను చూసి తలెత్తింది గానీ లేవలేదు.

మిమ్మల్ని వెంటనే ఉతకాలని, గది కంపు కొడుతోందని ఇంట్లో పొద్దున్నుంచీ గొడవ. సబ్బు అయిపోయిందని చెప్పాను. సబ్బులు రెండూ ఇప్పుడు మీ జిప్పు లోపలే ఉన్నాయి. దయచేసి ఎవరికీ చెప్పకండి.

ఇట్లు,
కింద కూర్చోవడానికి చాప వెతుక్కుంటున్న
మీ యజమాని