శాపం ఒకటే, సోఫీ ప్రయాణాలు రెండు

డయానా విన్ జోన్స్ 1986లో రాసిన ‘హౌల్స్ మూవింగ్ కాజిల్’ నవలనూ, దాని ఆధారంగా హయావో మియాజాకి 2004లో తీసిన యానిమేషన్ చిత్రాన్నీ పోల్చేవారు తరచుగా ఏ పాత్ర తగ్గింది, ఏ సంఘటన మారింది అన్న లెక్కల దగ్గరే ఆగిపోతారు. శాపంతో తొంభై ఏళ్ల ముసలమ్మగా మారి ఇల్లు విడిచిన సోఫీ ఏ బలంతో తన ప్రయాణం సాగించిందన్న ప్రశ్న నాకు అంతకంటే ముఖ్యమనిపిస్తుంది.

పురాణకథల పరిశోధకుడు జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో వీరగాథలకు వివరించిన నిష్క్రమణ, పరీక్ష, పునరాగమనం అనే చట్రంలో ఈ రెండు కథల తొలి ఘట్టం చక్కగా ఇముడుతుంది. టోపీల దుకాణం, మంత్రగత్తె శాపం, కొండదారి, మాంత్రికుడు హౌల్ కదిలే కోట, దాని పొయ్యిలోని అగ్నిభూతం కాల్సిఫర్‌తో సోఫీ చేసుకున్న ఒప్పందం వరకూ తేడాలు స్వల్పమే.

నవలలో సోఫీ బలమంతా ఆమె మాటలో ఉంది. ముగ్గురు అక్కచెల్లెళ్లలో పెద్దదానికి అదృష్టం కలిసిరాదన్న జానపద కథల నియమాన్ని నమ్మి ఆమె తన చుట్టూ తానే గిరి గీసుకుంటుంది. దుకాణంలో ఒంటరిగా కూర్చుని టోపీలతో చెప్పిన కబుర్లు వాటిని పెట్టుకున్నవారి జీవితాల్లో నిజమవుతున్నా, ఆ మహిమ తనదేనని ఆమెకు చాలాకాలం తెలియదు. శాపం తొలగించబోయిన హౌల్‌కు మాత్రం ఆ ముసలి వేషంలో ఉండటం ఆమెకే ఇష్టమేమోనన్న అనుమానం కలుగుతుంది. చివరికి హౌల్‌కూ కాల్సిఫర్‌కూ మధ్య ఉన్న ఒప్పందాన్ని తెంచేది కూడా ఆ మాటే.

చిత్రంలో ఈ మాటల మహిమ దాదాపుగా కనబడదు. దాని బదులు మియాజాకి ఆమె ముఖాన్నే కథ నడిచే చోటుగా మలిచారు. నిద్రలో ఆమె పడుచుపిల్ల, మేలుకుంటే వృద్ధురాలు. రాజమాంత్రికురాలు సులిమాన్ ఎదుట హౌల్‌ను వెనకేసుకొస్తున్నప్పుడు మాయమైన ముడతలు, ఆమెకు అతనిపై ప్రేమ ఉందని సులిమాన్ అనగానే తిరిగి వచ్చేస్తాయి. నవల పుటల కొద్దీ చెప్పిన ఆత్మసంశయం ఇక్కడ క్షణంలో, వివరణ లేకుండా అర్థమవుతుంది. ఇది బొమ్మల కళకే సాధ్యమైన విజయం.

అయితే పిడి తిరిగిన రంగును బట్టి వేర్వేరు చోట్లకు తెరుచుకునే కోట తలుపు పిడి నలుపు వైపు తిరిగినప్పుడు రెండు కథల దారులు పూర్తిగా విడిపోతాయి. నవలలో ఆ తలుపు మన లోకంలోని వేల్స్‌లో ఉన్న హౌల్ అక్క ఇంటికి తెరుచుకుంటుంది. గొప్ప మాంత్రికుడు అక్కడ మామూలు కుర్రాడని చూశాక అతనిపై సోఫీకున్న బెరుకు సడలుతుంది. చిత్రంలో అదే తలుపు యుద్ధంలోకి, పక్షిరూపంలో మనిషితనం కోల్పోతున్న హౌల్ చీకటిలోకి దారితీస్తుంది. దాంతో సోఫీ తనను తాను తెలుసుకునే కథ అతన్ని వెనక్కి తెచ్చే కథగా మారిపోయింది. యుద్ధంపై దర్శకుడి వేదన నన్ను కదిలించినా, సోఫీ తన శక్తిని గుర్తించే ఘట్టం పోవడం నష్టమనే భావిస్తాను.

ముగింపులో నవల సోఫీకి ఆమె యవ్వనాన్నీ, ఎర్రబంగారు రంగు జుట్టునూ తిరిగి ఇచ్చేస్తుంది. చిత్రంలో ముఖం యవ్వనానికి చేరినా, జుట్టు మాత్రం వెండిరంగులోనే నిలిచిపోతుంది. హౌల్ కళ్లకు అది నక్షత్రకాంతిలా కనిపిస్తుంది.