నితీశ్ చేతికి బంతి ఎప్పుడిస్తారు?

విశాఖ మధురవాడ స్టేడియంలో ఇద్దరు పెద్ద ఆటగాళ్ల స్థానం తేలిపోయింది. 2005 ఏప్రిల్ 5న పాకిస్థాన్‌తో వన్డే ఆడటానికి ఇక్కడికి వచ్చేనాటికి మహేంద్రసింగ్ ధోని నాలుగు మ్యాచ్‌ల్లో కలిపి చేసినవి 22 పరుగులే. ఆ రోజు అతన్ని మూడో స్థానంలో పంపారు. 123 బంతుల్లో 148 కొట్టాడు. 2019 అక్టోబరులో రోహిత్ శర్మ టెస్టుల్లో మొదటిసారి ఇన్నింగ్స్ ఆరంభించిందీ ఇక్కడే. దాదాపు ఆరేళ్లు మధ్య వరుసలో వస్తూ పోతూ ఉన్న అతను దక్షిణాఫ్రికాపై 176, 127 చేశాక, టెస్టు జట్టులో అతని చోటు ఎక్కడన్న ప్రశ్న ఆగిపోయింది. ఆటగాడిని సరైన చోట నిలబెడితే ఏమవుతుందో విశాఖ ప్రేక్షకులకు ఒకరు చెప్పనక్కర్లేదు. కళ్లారా చూశారు.

అందుకే 2025 డిసెంబరు 6 వాళ్లకు అంత కష్టంగా గడిచింది. అదే మైదానం, అదే దక్షిణాఫ్రికా, సిరీస్‌ను తేల్చే మూడో వన్డే. జైస్వాల్ శతకం కొట్టాడు, కోహ్లి, రోహిత్ అర్ధశతకాలు చేశారు, భారత్ 9 వికెట్ల తేడాతో గెలిచింది. ఈ ఊళ్లో పుట్టి, ఈ ఊరి మైదానాల్లో ఎదిగిన ఆల్‌రౌండర్ నితీశ్ కుమార్ రెడ్డి మాత్రం జట్టులో ఉండి కూడా ఆడలేదు. ఆ మ్యాచ్ ఒక్కటే కాదు, సిరీస్ మొత్తంలో అతనికి తుది జట్టులో చోటు దక్కలేదు.

అప్పటి నుంచి నగరంలో క్రికెట్ మాట్లాడేవాళ్లంతా ఒకే మాట మీద ఉన్నారు: మనవాడికి అన్యాయం జరుగుతోంది. ఆ అన్యాయం ఏమిటని అడిగితే మాత్రం ఏ ఇద్దరూ ఒకటే చెప్పరు. నితీశ్ అసలు బ్యాటరని, కింది వరుసలో దింపి పాడు చేస్తున్నారని కొందరి వాదన. హార్దిక్ పాండ్య 2018 తర్వాత టెస్టు ఆడలేదు కాబట్టి పేస్ బౌలింగ్ ఆల్‌రౌండర్ చోటు ఖాళీగా ఉందని, అది నితీశ్‌దేనని, ఏడో స్థానంలో స్థిరంగా ఉంచి ఆడిస్తే చాలని ఇంకొందరి మాట. ఒకప్పుడు ఇక్కడి లీగుల్లో ఆడిన పెద్దవాళ్లు మూడో మాట అంటారు. మెల్‌బోర్న్ శతకం తర్వాత అతను చేసిందేముంది, కొన్నాళ్లు దేశవాళీ రంజీకి పంపండి అని. ఆ మాట అంటే చుట్టూ ఉన్న కుర్రాళ్లు ఊరుకోరు కాబట్టి వాళ్లు గట్టిగా అనరు.

నేను ఆ పెద్దవాళ్లకే దగ్గర. వాళ్లు చెప్పే కారణంతో మాత్రం ఏకీభవించను. నితీశ్‌ను శిక్షించడానికి కాదు, అతని చేతికి బంతి దొరకడానికి ఆంధ్ర జట్టుకు పంపాలంటాను.

ముందు అతని బ్యాటింగ్ సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ నాకు సందేహం లేదు. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో అండర్-16 కుర్రాడిగా అతను చేసినవి 1237 పరుగులు. నాగాలాండ్‌పై ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. కొడుకు ఆట కోసం తండ్రి హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్న సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. ఆయన నమ్మకం పెట్టుకున్నది రోజంతా క్రీజులో నిలబడగల కుర్రాడి మీద. ఆఖరి ఓవర్లలో రెండు సిక్సర్లు కొట్టి వచ్చే ఆటగాడి మీద కాదు.

2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో చూసింది కూడా ఆ కుర్రాడినే. ఆస్ట్రేలియా 474 చేసింది. 191 పరుగులకు ఆరు వికెట్లు పడ్డాక నితీశ్ ఎనిమిదో స్థానంలో దిగాడు. ఫాలోఆన్ (వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగాల్సి రావడం) ముప్పు ఇంకా తొలగలేదు. ఎదురుగా కమిన్స్, స్టార్క్, బోలండ్, లయన్. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి ఎనిమిదో వికెట్‌కు 127 పరుగులు జోడించాడు. నితీశ్ తొంభైల్లో ఉండగా సుందర్ వెళ్లిపోయాడు, 99 మీద ఉండగా బుమ్రా వెళ్లిపోయాడు. కమిన్స్ వేసిన మూడు బంతులను సిరాజ్ కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో బోలండ్ బంతిని నేరుగా బౌండరీకి పంపి నితీశ్ శతకం పూర్తి చేశాడు. చివరికి 189 బంతుల్లో 114. ఆ ఇన్నింగ్స్‌ను తండ్రి కన్నీళ్లతో గుర్తుపెట్టుకున్నవాళ్లు చాలామంది. దానికంటే నాకు గుర్తున్నది, శరీరానికి దూరంగా పోయే బంతులను అతను వదిలేసిన తీరు. కింది వరుస ఆటగాళ్లు బంతిని అలా వదలరు.

ఆ సిరీస్‌లో తొమ్మిది ఇన్నింగ్స్‌లు ఆడి 298 పరుగులు చేశాడు. పెర్త్‌లో అరంగేట్రం చేసిన ఇన్నింగ్స్‌లో 41, అడిలైడ్‌లో 42, మళ్లీ 42. ఈ మూడూ ఆయా ఇన్నింగ్స్‌ల్లో భారత్ తరఫున అత్యధిక స్కోర్లే. పేరున్న బ్యాటర్లు తడబడిన చోట 21 ఏళ్ల కుర్రాడు నిలబడ్డాడు.

ఆ తర్వాతి సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ 114 తర్వాత ఆడిన పది టెస్టు ఇన్నింగ్స్‌ల్లో కలిపి అతను చేసినవి 103 పరుగులు, అత్యధికం 43. ఎడ్జ్‌బాస్టన్‌లో 1, 1. గువాహటిలో 10, 0. 2025 డిసెంబరు నాటికి మొత్తం పది టెస్టుల్లో సగటు 26.40, వికెట్లు 8. అభిమానం ఎంత ఉన్నా, ఈ అంకెలతో కేవలం బ్యాటర్‌గా భారత టెస్టు జట్టులో చోటు అడగలేం. సాయి సుదర్శన్, దేవదత్ పడిక్కల్ లాంటివాళ్లు అదే చోటు కోసం వరుసలో ఉన్నారు. 2023-24 రంజీ సీజన్‌లో 902 పరుగులతో దేశంలోనే అందరికంటే ముందు నిలిచిన మన రికీ భుయ్‌కి ఇంతవరకు భారత జట్టు టోపీ దక్కలేదు. బ్యాటర్ల వరుస అంత పొడవుంది.

నితీశ్‌ను ఆ వరుసలోంచి ముందుకు తెచ్చింది అతను బౌలింగ్ కూడా చేయగలగడం. అంటే అతని చోటు, అతని భవిష్యత్తు ఆ బౌలింగ్ మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ బౌలింగ్‌నే ఎవరూ వాడుకోవడం లేదు.

2025 అక్టోబరులో అహ్మదాబాద్‌లో వెస్టిండీస్‌తో టెస్టు. భారత్ ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది. నితీశ్‌కు బ్యాటింగ్ రాలేదు, మ్యాచ్ మొత్తంలో వేసింది 4 ఓవర్లు. తర్వాతి టెస్టు ఢిల్లీలో. ఐదో స్థానానికి పంపారు, 43 చేశాడు, బాగుంది. కానీ వెస్టిండీస్ రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి 200 ఓవర్లు ఆడితే అతనికి ఒక్క ఓవర్ కూడా ఇవ్వలేదు. నవంబరులో గువాహటిలో దక్షిణాఫ్రికా మొదటి ఇన్నింగ్స్‌లో 150 ఓవర్లకు పైగా ఆడింది. పేసర్లు అలసిపోయారు, స్పిన్నర్లకు సాయం లేదు, బంతి పాతబడింది. మూడో పేసర్ అవసరం అంతకంటే ఎప్పుడొస్తుంది? నితీశ్‌కు దక్కినవి 6 ఓవర్లు. ఆ మ్యాచ్‌ను భారత్ 408 పరుగుల తేడాతో ఓడిపోయింది. మర్నాటి నుంచి నితీశ్ ఆల్‌రౌండరేనా అని దేశమంతా అడగడం మొదలుపెట్టింది. బంతి ఇవ్వనివాళ్లను వదిలేసి, బంతి దొరకనివాడిని నిలదీశారు.

ఇందులో కెప్టెన్ల వైపు కూడా ఒక న్యాయం ఉంది. స్వదేశంలో తిరిగే పిచ్‌ల మీద జడేజా, సుందర్, అక్షర్ పటేల్ ముగ్గురూ బౌలింగ్ చేయగలరు, బ్యాటింగూ చేయగలరు. కోల్‌కతా టెస్టులో నలుగురు స్పిన్నర్లతో దిగారు. గంటకు 130 కిలోమీటర్లకు అటూఇటూగా వేసే పేసర్‌కు అక్కడ ఓవర్లు మిగలవు. ఆ టెస్టుకు ముందు నితీశ్‌ను జట్టు నుంచి విడుదల చేసి రాజ్‌కోట్‌లో భారత్-ఎ తరఫున ఆడటానికి పంపినప్పుడు ఇక్కడ పెద్ద గొడవే చేశారు. నా దృష్టిలో 2025లో అతని విషయంలో తీసుకున్న సరైన నిర్ణయం అదొక్కటే. ఆ తర్వాత వారానికే గువాహటికి వెనక్కి పిలిపించి, ఆరు ఓవర్ల కోసం నిలబెట్టడమే నాకు అర్థం కాలేదు.

ఐపీఎల్ కూడా అతనికి ఈ విషయంలో మేలు చేయడం లేదు. 2024లో సన్‌రైజర్స్ తరఫున 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి అవార్డు అందుకున్నాడు. ఆ జట్టు అతన్ని 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. 2025లో పక్కటెముకల గాయం నుంచి కోలుకుని వచ్చి 182 పరుగులు చేశాడు, బౌలింగ్ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఓవర్లే. 2023లో, మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాడి బదులు మరొకరిని దింపే ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చాక ప్రతి జట్టుకూ అదనంగా ఒక బౌలర్ దొరుకుతున్నాడు. ఆరో బౌలర్‌తో పని లేదు. ఈ నిబంధన ఆల్‌రౌండర్ల ఎదుగుదలను దెబ్బతీస్తుందని రోహిత్ శర్మ 2024లోనే బాహాటంగా అన్నాడు. ఆయన ఆ రోజు సుందర్, శివమ్ దూబేల పేర్లు చెప్పాడు. నితీశ్ పేరు చేర్చుకోవచ్చు.

ఈ తీరు ఎక్కడికి తీసుకెళ్తుందో ఇర్ఫాన్ పఠాన్‌ను చూసిన తరానికి తెలుసు. 19 ఏళ్లకే అడిలైడ్‌లో టెస్టు అరంగేట్రం, 2006లో కరాచీలో మొదటి ఓవర్లోనే హ్యాట్రిక్. ఆ తర్వాత అతన్ని వన్డేల్లో మూడో స్థానంలో పంపారు, టెస్టుల్లో ఓపెనర్‌గా కూడా దింపారు. 2008 తర్వాత టెస్టు ఆడలేదు, 29 టెస్టుల దగ్గర ఆగిపోయాడు. అందరూ అతని బ్యాటింగ్ స్థానం గురించి వాదించుకుంటూ ఉండగా అతని అసలు బలమైన స్వింగ్ జారిపోయింది. నితీశ్ విషయంలో బలం, బలహీనత అటుదిటు అయ్యాయి. ప్రమాదం మాత్రం అదే. రెంటికీ చెడ్డ రేవడి కాకుండా అతన్ని కాపాడుకోవాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగా వినాలి. అసలే గాయాలతో సతమతమవుతున్నవాడికి ఇంకా బౌలింగ్ చేయించమంటారా అని. 2025 జనవరిలో పక్కటెముకల దగ్గర కండరం, జులైలో మోకాలు, అక్టోబరులో ఆస్ట్రేలియాలో తొడ కండరం. ఏడాదిలో మూడు సార్లు. లార్డ్స్‌లో తన మొదటి ఓవర్లోనే ఇంగ్లండ్ ఓపెనర్లు డకెట్, క్రాలీ ఇద్దరినీ ఔట్ చేసి, ఇక దారిలో పడ్డాడు అనుకునే సమయానికి మోకాలి గాయం ఇంటికి పంపింది. ఈ భయం నాకూ ఉంది. అయితే నెలల తరబడి బౌలింగ్ లేకుండా ఉంచి, ఒక్కసారిగా టెస్టులో పరుగెత్తించడం పేసర్ శరీరానికి మరింత కీడు. ఓవర్లు వారం వారం కొద్దికొద్దిగా పెరగాలి. ఆస్ట్రేలియా తన ఆల్‌రౌండర్ కామెరాన్ గ్రీన్‌ను చూసుకున్న తీరు గమనించండి. వెన్ను శస్త్రచికిత్స తర్వాత ముందు బ్యాటర్‌గానే తిరిగి తెచ్చారు, ఆ పైన దేశవాళీలో ఓవర్లు లెక్కపెట్టి పెంచారు. మనదగ్గర ఆ లెక్క రాసుకోవలసినవాళ్లు ఎవరు? జాతీయ జట్టా, సన్‌రైజర్సా, ఆంధ్ర సంఘమా? ముగ్గురి మధ్య ఆ బాధ్యత ఎవరిదీ కాకుండా పోతోంది.

విశాఖ అభిమానుల కోపం వెనుక ఒక పాత గాయం కూడా ఉంది. ఈ ఊరి వేణుగోపాలరావు 16 వన్డేలతో ఆగిపోయాడు. కె.ఎస్. భరత్ ఏడు టెస్టులు ఆడాడు, 2024 ఫిబ్రవరిలో సొంత ఊరి ప్రేక్షకుల మధ్య ఇంగ్లండ్‌పై ఆడాడు, కొద్ది రోజులకే చోటు పోయింది, మళ్లీ పిలుపు రాలేదు. అందుకే నితీశ్‌ను ఒక్క మ్యాచ్‌కు పక్కన పెట్టినా ఇదే ఆఖరు అన్నంత బెంగ. ఆ బెంగను నేను చిన్నచూపు చూడను. కానీ భరత్ 30 ఏళ్లకు చేరువలో అరంగేట్రం చేశాడు, నిరీక్షించే వ్యవధి అతనికి లేదు. నితీశ్‌కు 2025 డిసెంబరులో 22. అతనికి సమయం ఉంది. ఆ సమయాన్ని బెంచీ మీద గడిపించడమే నాకు అభ్యంతరం.

వైజాగ్ వన్డే అయిన వారం తిరక్కుండానే నితీశ్ పుణెలో ఆంధ్ర తరఫున సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ ఆడాడు. మధ్యప్రదేశ్‌పై వరుస బంతుల్లో ముగ్గురిని ఔట్ చేశాడు, అందులో రజత్ పాటీదార్ ఒకడు. ఆంధ్ర ఆ మ్యాచ్ ఓడిపోయింది కాబట్టి ఆ హ్యాట్రిక్ గురించి ఎక్కువ మంది మాట్లాడలేదు. సొంత రాష్ట్రం జట్టులో అతని చేతికి బంతి వచ్చింది, వికెట్లు వచ్చాయి.

రంజీ సీజన్ అందుకు సరైన సమయం. జాతీయ జట్టు తుది పదకొండు మందిలో నితీశ్ లేని ప్రతి వారం అతన్ని ఆంధ్రకు పంపమని మనం అడగాలి. ఆంధ్ర అతన్ని నాలుగో స్థానంలో ఆడించాలి. కొత్త బంతి మెరుపు తగ్గాక మొదటి మార్పు బౌలర్‌గా అతన్నే తీసుకురావాలి, మొదట్లో ఇన్నింగ్స్‌కు ఎనిమిది ఓవర్లు, కుదిరితే పన్నెండు, సీజన్ ముగిసేసరికి పదిహేను. పిచ్ ఎండిపోయి, బంతి మెత్తబడి, ఎదుటి బ్యాటర్ 80 మీద ఉన్న మధ్యాహ్నాల్లో అతను వరుసగా ఆరేసి ఓవర్లు వేయాలి. సెలక్టర్లు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పర్యటనలకు జట్టు రాసేటప్పుడు ఆరో స్థానంలో అతని పేరుతో మొదలుపెట్టాలి. స్వదేశంలో స్పిన్ పిచ్ వేసినప్పుడు అతన్ని అలంకారంగా ఎంపిక చేయడం మానాలి. రేపు ఆంధ్ర మ్యాచ్ స్కోర్‌కార్డు వస్తే నేను ముందు చూసేది అతని పరుగులు కాదు, పేరు పక్కన ఎన్ని ఓవర్లు ఉన్నాయో.