అత్తగారు తోమిన కత్తి

మా బావది డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటికొస్తే పాత కత్తుల పిచ్చి. మడిచి జేబులో వేసుకునే చాకులంటే ఆయనకు చులకన. పిడిలోంచి కదలకుండా నిలబడే, జానెడుకు తగ్గని బోవీ కత్తులే కావాలి. అదీ పాతవి.

ఎవరైనా టీకి వస్తే చాలు, కథ మొదలవుతుంది. 1827లో మిసిసిపీ నది ఇసుక తిన్నె మీద ఇద్దరు పెద్దమనుషులు తుపాకులతో తేల్చుకుందామని వచ్చారట. చెరో రెండు గుండ్లు పేల్చారు, ఒక్కటీ తగల్లేదు, చేతులు కలుపుకున్నారు. అప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళు కలబడ్డారు. వియ్యంకులు రాజీపడ్డాక విడిదింట్లో బంధువులు కొట్టుకున్నట్టు! ఆ గొడవలో జిమ్ బోవీ అనే ఆయన ఒంటినిండా గాయాలతోనే పెద్ద కత్తి తీసి ఎదుటివాణ్ణి పొడిచేశాడు. దాంతో అమెరికాలో ప్రతివాడికీ అలాంటి కత్తి కావాల్సి వచ్చింది. ఇంగ్లండులోని షెఫీల్డు ఊరివాళ్ళు అవి ఓడలకొద్దీ చేసి పంపి బాగుపడ్డారు. బోవీ మాత్రం 1836లో టెక్సస్‌లోనే, అలమో కోటలో పోయాడు.

అదే టెక్సస్ 1871లో ఈ కత్తి పెట్టుకుని బయట తిరగడం నేరమని చట్టం చేసింది. 2017 సెప్టెంబరు 1 నుంచి పెద్దవాళ్ళు పెట్టుకోవచ్చు. కాకపోతే అలుగు, అంటే కత్తిలో కోసే భాగం, అయిదున్నర అంగుళాలు దాటితే బడికీ, ఆసుపత్రికీ, గుడికీ తీసుకెళ్ళకూడదని అప్పట్లో షరతు పెట్టారు. మా బావ వెళ్ళేదే పిల్లల బడికీ, గుడికీ. ఇక మిగిలింది ఇండియన్ స్టోరు. దానికి చట్టం అడ్డు లేదు గానీ మా అక్క ఉంది. అందుకని ఆయన ఇంట్లోనే, లుంగీ మీద తోలు బెల్టు బిగించి, ఒరలో కత్తి వేలాడేసుకుని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరిగేవాడు.

అన్నిట్లోకీ ముద్దుబిడ్డ ఒకటుంది. తొమ్మిదంగుళాల అలుగు, జింక కొమ్ము పిడి, షెఫీల్డు సరుకు. 1850ల నాటిదని అమ్మినవాడు చెప్పాడు, ఈయన అంత డబ్బూ పోశాడు. అలుగంతా బూడిద, గోధుమ రంగులు కలిసిన మరకలు. మనకది మురికిలా కనిపిస్తుంది గానీ దాన్ని పాటినా అంటారు. కత్తి వయసుకు అదే సాక్ష్యం, ధరలో సగం దానిదే. తోమితే పోయినట్టే. ఆయన దానికి ప్రత్యేకమైన మైనం రాసి, తోలులోని రసాయనాలు ఉక్కును తింటాయని రాత్రిళ్ళు ఒరలోంచి తీసి పడుకోబెట్టేవాడు. అక్కకు కొన్ని విషయాల్లో అసూయ కలిగిందంటే ఆశ్చర్యం లేదు.

తెనాలి నుంచి మా అమ్మ వచ్చింది. శనివారం కత్తుల ప్రదర్శన. బావ శుక్రవారం రాత్రే కత్తిని మెత్తటి గుడ్డ మీద పెట్టి, భోజనాల బల్ల మీద ఉంచి పడుకున్నాడు.

అమ్మ నాలుగింటికే లేస్తుంది. పూజ సామాను తోముదామని చింతపండు నానబెట్టింది. బల్ల మీద కత్తి కనబడింది. పిడి దగ్గరి అడ్డపట్టీ చూసి గుర్తుపట్టేసింది. "ఇది జర్మన్ సిల్వరే, మన కుంకుమ భరిణెలు చేసేదే. పాపం అల్లుడికి తోమించుకునే తీరికేదీ?" అనుకుని చింతపండు, ఉప్పు, స్టీలు పీచు పట్టింది.

బావ లేచేసరికి ఆ కత్తిలో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు.

ఇంకెవరైనా అయితే ఇల్లు ఎగిరిపోయేది. అత్తగారాయె. "తళతళలాడుతోంది కదూ బాబూ?" అని ఆవిడ అడిగితే, ఈయన గొంతులోంచి "చాలా శ్రమ తీసుకున్నారు అత్తయ్యగారూ" అన్న మాట ఒక్కో అక్షరమే బయటికొచ్చింది. నేను టెన్షన్ భరించలేక కాఫీ గ్లాసుతో బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

కాసేపటికి లోపల్నుంచి కేక. వెళ్ళి చూస్తే బావ భూతద్దం పట్టుకున్నాడు. మరకల కింద ఇన్నాళ్ళూ కనబడని ముద్ర ఒకటి బయటపడింది. షెఫీల్డు పక్కన "ఇంగ్లండ్" అని ఉంది. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం ప్రకారం మరుసటి ఏడాది నుంచి, దిగుమతి సరుకు మీద ఏ దేశానిదో రాయాలి. అందుకే ఈ ముద్ర ఉన్న షెఫీల్డు కత్తులు సాధారణంగా ఆ తర్వాతివని లెక్క. అంటే అమ్మ తోమిన తోముడుకి కత్తి వయసు నలభై ఏళ్ళు తగ్గింది.

ప్రదర్శనకు వెళ్ళాం. అక్కడి ముసలాయన ఒకరు కత్తిని అటూ ఇటూ తిప్పి, బాగా చేశారు, ఏ ఊళ్ళో చేయించారని అడిగాడు. ఇంటికొచ్చి అక్క ఈ సంగతి చెబితే అమ్మ పొంగిపోయింది. "చూశారా, కొత్తదనుకున్నారు!"

మర్నాడు అక్క ఇండియన్ స్టోర్ నుంచి పచ్చి మామిడికాయల పెట్టె తెచ్చింది. ఈ దేశంలో టెంకతో సహా కొట్టే కత్తి ఏదీ అని అమ్మ ఇల్లంతా వెతికి, చివరికి బావ వైపు చూసింది. ఆయన కాదంటాడనుకున్నాం. పులుపు తగిలితే ఉక్కు మీద మళ్ళీ మరక పడుతుందని ఎక్కడో చదివాడట. లుంగీ పైకి కట్టి, పీట వేసుకుని కూర్చున్నాడు. మొదటి వేటుకే కాయ టెంకతో సహా రెండు ముక్కలైంది.

"భలే కత్తి బాబూ!" అంది అమ్మ. "అయ్యాక ఇలా ఇవ్వండి, కడిగి పెడతాను."

"వద్దు అత్తయ్యగారూ," అన్నాడు బావ కత్తిని గుండెకు హత్తుకుని, "సొన ఎండనివ్వండి."