గంటకు పది కిలోమీటర్ల వైభవం

వందే భారత్ రైలు పావుగంట ఆలస్యమైతే రైల్వే మంత్రిని ట్యాగ్ చేసి నిలదీసే పౌరుడే, మెట్టుపాళయం నుంచి ఊటీ దాకా ఉన్న 46 కిలోమీటర్లను దాదాపు అయిదు గంటల్లో దాటించే బండిలో కిటికీ పక్కన చోటు దొరికినందుకు బంధువులందరికీ ఫోటోలు పంపుతాడు. ఈ రెండు పనులనూ ఒకే మనిషి, ఒకే ఫోనుతో, ఒక్కోసారి ఒకే సెలవుల్లో చేస్తున్నాడన్న సంగతిని మన సామాజిక శాస్త్రవేత్తలు ఇంతవరకు పట్టించుకోకపోవడం విచారకరం. ఆ లోటును నా శక్తి మేరకు పూడ్చదలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నీలగిరి కొండ రైలు దేశంలోకెల్లా నెమ్మదైన బండిగా పేరు తెచ్చుకుంది. దాని సగటు వేగం గంటకు పది కిలోమీటర్ల చిల్లర. అదే కొండను బస్సు రెండు గంటల్లో ఎక్కేస్తుంది. కాబట్టి ఊటీ చేరాలనుకునేవారు బస్సెక్కాలి, ఊటీ అప్పుడే వచ్చేయకూడదనుకునేవారు రైలెక్కాలి. అలా రెండో కోరిక గలవారి సంఖ్య తక్కువేమీ కాదు. ముందుగా టికెట్టు కొనుక్కోనివారు తెల్లవారకముందే మెట్టుపాళయం స్టేషనులో వరుసకట్టి నిలబడతారు. వారిలో మన తెలుగువారు ఎప్పుడూ కొందరుంటారు. సికింద్రాబాదు నుంచి కోయంబత్తూరు వచ్చే దారిలో తమ ఎక్స్‌ప్రెస్సును ఏ పొలాల మధ్యనో సిగ్నలు కోసం అరగంట ఆపినప్పుడు ఈ దేశం ఎన్నటికీ బాగుపడదని తీర్మానించినవారు వీరే. మరునాటి ఉదయం ఇంతకన్నా నెమ్మదిగా వెళ్ళే బండి కోసం ఎవరైనా వరుస తప్పి ముందుకొస్తే పోట్లాడేదీ వీరే. భారతీయ రైల్వేలు తమ చరిత్రలో సాధించిన గొప్ప విజయాలలో దీనిని చేర్చకపోవడం అన్యాయం. ఆలస్యాన్ని క్షమించమని ప్రకటన చేయడం ఏ రైల్వే అయినా చేయగలదు, ఆలస్యాన్నే టికెట్టు పెట్టి అమ్మడానికి ప్రతిభ కావాలి.

ఇక ఇంజను విషయానికి వద్దాం. కల్లార్ నుంచి కూనూరు వరకు సుమారు ఇరవై కిలోమీటర్ల దారి ఎంత నిటారుగా ఉంటుందంటే, కొన్నిచోట్ల పన్నెండు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేవాలి. నున్నటి ఇనుప చక్రం నున్నటి పట్టా మీద ఆ వాలును పట్టి ఎక్కలేదు. అందుకని రెండు పట్టాల నడుమ పళ్ళున్న ఇనుప బద్దీలను పరిచారు. ఇంజను అడుగున ఉన్న పళ్ళచక్రం వాటిని ఒక్కొక్క పన్నే కొరుక్కుంటూ పైకి పాకుతుంది. స్విట్జర్లాండులోని వింటర్‌తూర్‌లో ఈ ఇంజన్లను రూపొందించినవారి పొదుపు కూడా మెచ్చుకోదగినది. మామూలు చక్రాలను తిప్పే సిలిండర్లలో ఒకసారి పనిచేసి అలసిపోయిన ఆవిరిని బయటికి వదిలేయకుండా, దానినే మరో జత సిలిండర్లలోకి పంపి పళ్ళచక్రాన్ని తిప్పిస్తారు. ఒకే జీతానికి రెండు ఉద్యోగాలు చేయించే పద్ధతి ఇటీవలి సాఫ్ట్‌వేరు కంపెనీల ఆవిష్కరణ అని నమ్ముతున్నవారు ఈ విషయాన్ని గమనించాలి.

ఇంజను ముందుండదు. ఎక్కేటప్పుడు బండి చివర నిలిచి, పెట్టెలన్నిటినీ కింది నుంచి నెడుతుంది. పొరపాటున లంకె ఊడినా పెట్టెలు లోయలోకి జారిపోకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. ఫలితంగా బరువంతా మోసే ప్రాణి వెనుక ఆవిర్లు కక్కుతూ ఎవరికీ కనబడకుండా ఉంటుంది. అందరికంటే ముందు, చల్లగాలిలో, ఎదురుగా దృశ్యమంతా కనబడే చోట నిలబడి జెండా ఊపేవాడు బ్రేకులు చూసుకునే ఉద్యోగి. ఆయనను నేనేమీ అనడం లేదు. ప్రతి పెట్టెకూ అలాంటి ఒకాయన ఉంటాడు, ఆ వాలులో బ్రేకు పట్టడం ప్రాణాలు కాపాడే పని. కాని ఈ బండిని చూసి స్ఫూర్తి పొంది తమ కార్యాలయాలను తీర్చిదిద్దుకున్నవారు జెండాను మాత్రమే తీసుకుని బ్రేకును మెట్టుపాళయంలోనే వదిలేసినట్టు కనిపిస్తుంది.

హైదరాబాదులో ముందు పోతున్న ఆటో కాస్త పొగ వదిలితే కారు అద్దాలు పైకెత్తి, కాలుష్య నియంత్రణ మండలి నిద్రపోతున్నదా అని అడిగే పెద్దమనిషి, ఇక్కడ మలుపు వచ్చినప్పుడల్లా కిటికీలోంచి సగం బయటికి వంగి, ఇంజను పొగను గుండెల నిండా పీల్చి, “చూశావా, ఇలాంటి గాలి మన ఊళ్ళో ఎక్కడుంది?” అని భార్యతో అంటాడు. ఆమె కళ్ళలో పడిన నలుసును తుడుచుకుంటూ అవునంటుంది. ఇంజను వెనుక ఉంటుంది కాబట్టి మొదటి పెట్టెలో కూర్చున్నవారికి ఈ భాగ్యం అంతగా దక్కదు. బొగ్గుకు బదులు నూనెతో మండే ఇంజన్లు వచ్చాక పొగలో మునుపటి చిక్కదనం లేదని పాతకాలపు అభిమానులు బాధపడుతూ వచ్చారు. వారి వేదన వృథా పోలేదు. ఇలాంటి కొత్త ఇంజన్లను తయారుచేస్తున్న తిరుచ్చిరాపల్లి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు నుంచే బొగ్గుతో నడిచేది కూడా మళ్ళీ తయారై వచ్చింది. ఇరవయ్యొకటో శతాబ్దంలో సరికొత్త పాత ఇంజనును నిర్మించడం సామాన్యమైన విషయం కాదు.

దారిలో అడర్లీ, హిల్‌గ్రోవ్, రన్నీమీడ్ వంటి చోట్ల బండి నీళ్ళు తాగడానికి ఆగుతుంది. ఇంజనుకు దాహం వేసిందని తెలియగానే ప్రయాణికులందరికీ ఆకలి వేస్తుంది. హిల్‌గ్రోవ్‌లో టీ, వడలు పట్టుకుని నిలబడిన మనుషులను కోతులు ఎంతో అనుభవంతో పరిశీలిస్తాయి. వాటి చూపులో తొందర ఉండదు, ఎందుకంటే బండి ఎప్పుడు కదులుతుందో ప్రయాణికులకన్నా వాటికే బాగా తెలుసు. ఇక్కడ ఎంతసేపు ఆగినా బండి ఎందుకు ఆగిందని ఒక్కరూ అడగరు. ఏ ఎక్స్‌ప్రెస్సులోనైనా ఈపాటికి టీటీఈ చుట్టూ మూగేవారు ఇక్కడ అతనితో ఫోటో దిగుతారు.

సొరంగాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఈ మార్గంలో పదహారు సొరంగాలున్నాయి. బండి చీకట్లోకి దూరగానే బ్యాంకు మేనేజర్లు, ప్రొఫెసర్లు, ఆదాయపు పన్ను అధికారులు కూడా గొంతెత్తి అరుస్తారు. వెలుగు రాగానే ఆ అరిచింది తాము కాదన్నట్టు బోగీ అంతా గంభీరంగా కూర్చుంటుంది. విశాఖ నుంచి అరకు వెళ్ళే దారిలో సొరంగాలు ఇంకా ఎక్కువ కాబట్టి ఈ విద్యలో తెలుగువారికి సాధన కూడా ఎక్కువే. ఇతర రాష్ట్రాలవారు ఈల దగ్గరే ఆగిపోయినప్పుడు మనవారు హీరోల పేర్లతో జయజయధ్వానాలు చేయడం నేను స్వయంగా విన్నాను. సొరంగం దాటాక లోయలు, తేయాకు తోటలు, మంచు, జలపాతాలు వరుసగా వస్తాయి. వాటన్నిటినీ అందరూ శ్రద్ధగా ఫోను తెరలో చూస్తారు. మంచు కమ్మి ఏమీ కనబడనప్పుడు మాత్రమే ఫోను దించి కిటికీలోంచి బయటికి చూస్తారు.

ఈ పట్టాలను విహారయాత్రల కోసం వేశారనుకోవడం పొరపాటు. వేసవిలో మద్రాసు ఎండకు తాళలేక అప్పటి ప్రభుత్వం తన కార్యదర్శులతో, గుమాస్తాలతో, కాగితాల కట్టలతో సహా ఊటీకి తరలిపోయేది. కోస్తా జిల్లాలు, రాయలసీమ ఆ ప్రభుత్వం కిందే ఉండేవి. అంటే గోదావరి ఒడ్డున రైతు శిస్తు తగ్గించమని వేసవిలో పెట్టుకున్న అర్జీ మద్రాసు దాటి, మెట్టుపాళయం చేరి, పన్నెండుకు ఒకటి వాలులో పళ్ళచక్రం మీద పాకుతూ పైకి వెళ్ళాలి. రైతు మండుటెండలో ఎదురుచూస్తుండగా అర్జీ మాత్రం చల్లగా ప్రకృతి దృశ్యాల నడుమ ప్రయాణించేది. కాబట్టి ఈ బండిలో తెలుగువారి విహారం కొత్తదేమీ కాదు, మనకన్నా ముందు మన అర్జీలు వెళ్ళి వచ్చాయి.

ఈ దారి నిర్మాణం కూడా బండి స్వభావానికి తగ్గట్టే సాగింది. 1854లో తొలి ప్రతిపాదన వచ్చింది. 1891లో పని మొదలైంది. 1899లో కూనూరుకు, 1908లో ఊటీకి పట్టాలు చేరాయి. 46 కిలోమీటర్లకు 54 ఏళ్ళు, అంటే సగటున ఏడాదికి కిలోమీటరు కూడా లేదు. ప్రతిపాదన నాడు పుట్టిన గుమాస్తా కొడుకు తానూ గుమాస్తా అయి, ఉద్యోగ విరమణకు దగ్గరపడిన వయసులో మొదటి బండి ఎక్కి ఉంటాడు. మన నగరాలలో ఫ్లైఓవర్లు ఆలస్యమవుతున్నాయని వాపోయేవారు ఓపిక పడితే వాటికి కూడా వారసత్వ హోదా దక్కే అవకాశం ఉంది. నీలగిరి రైలుకు యునెస్కో ఆ గుర్తింపును 2005లో ఇచ్చింది.

కూనూరులో మాత్రం ఒక అపచారం జరుగుతుంది. అక్కడ ఆవిరి ఇంజనును తప్పించి డీజిల్ ఇంజనును తగిలిస్తారు. వెల్లింగ్టన్, అరవంకాడు, కేతి, లవ్‌డేల్ మీదుగా ఊటీ వరకు ఆ డీజిలే తీసుకుపోతుంది. కొండలు అవే, తేయాకు తోటలు అవే. అయినా ప్రయాణికుల ముఖాలలో కళ తప్పుతుంది. బండి కాస్త చురుగ్గా కదలగానే కొందరు గడియారం చూసుకుంటారు. గంట క్రితం దాకా కాలానికి అతీతంగా ఉన్నవారు హోటలు చెక్ ఇన్ ఎన్నింటికని ఒకరినొకరు అడగడం మొదలుపెడతారు. మరునాడు కిందికి దిగేటప్పుడు వీరిలో చాలామంది టాక్సీ మాట్లాడుకుంటారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ముందున్న లారీ నెమ్మదిగా పోతున్నదని డ్రైవరు చేత హారను మోగిస్తారు.

ఇటువంటి బండికి కూడా వేగం పెంచుదామని రేపు ఏ ఉత్సాహవంతుడైన అధికారికైనా తోచవచ్చు. అలాంటప్పుడు ఆయనను నిరుత్సాహపరచవద్దని, తగిన కమిటీని వెంటనే నియమించాలని ప్రభుత్వానికి మనవి చేస్తున్నాను. కమిటీ నివేదికను మెట్టుపాళయంలో ఈ బండిలోనే పెట్టి పైకి పంపాలి, ఊటీలో దానిని పరిశీలించి సందేహాలను తిరుగు బండిలో కిందికి పంపాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో మట్టిపెళ్ళలు విరిగిపడి సర్వీసు రద్దయితే దారి బాగయ్యేదాకా ఆ దస్త్రాన్ని కల్లార్ స్టేషనులో భద్రంగా ఉంచాలి.