ముందు ఆ సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టు బావా

నిన్న సాయంత్రానికి నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. మొదట మా బావ పంపాడు. తర్వాత రైతుల గ్రూపులో పడింది. ఆ తర్వాత పక్క జీడితోట ఆయన పంపాడు. చివరికి మా అబ్బాయే, "నాన్నా, చెట్లు కోసే నీ పాత మిషన్‌కి పనికొస్తుందేమో చూడు" అంటూ నాకు తోశాడు. "చైన్ సా ట్యాంకు కారుతోందా? షాపుకెళ్లి డబ్బు తగలేయకండి, ఇంట్లోనే 5 చిట్కాలు" అని మొదలవుతుంది. చివర్లో పది మంది రైతులకు పంపండి అని దండం బొమ్మ. మనవాళ్లు పది మందితో ఆగే రకమా?

ఆ చిట్కాలు ఇవి. చీలిక మీద ఎంసీల్ పెట్టండి, ఏ ట్యాంకుకైనా అతుక్కుంటుంది. మూత దగ్గర కారితే మూత కింద పాలిథిన్ ముక్క వేసి బిగించండి. ట్యాంకు సగమే నింపండి. సన్నగా కారితే బట్టల సబ్బు రుద్దండి. ఇవేవీ కుదరకపోతే ట్యాంకు ఖాళీ చేసి, అరగంట ఎండలో పెట్టి, సోల్డరింగ్ ఐరన్‌తో ప్లాస్టిక్ కరిగించి అతికించండి.

అసలు కారేది ట్యాంకేనా అన్న ప్రశ్న మాత్రం ఐదింటిలో ఎక్కడా లేదు. మా షెడ్డులో మిషన్ కింద తడి చూసి నేనూ ట్యాంకు పోయిందనే అనుకున్నాను. రాత్రి కింద పాత పేపరు పరిచి ఉంచాను. పొద్దున చూస్తే మరక జిడ్డుగా, చిక్కగా ఉంది, పెట్రోలు వాసనే లేదు. చైన్ ఆయిల్, అంటే కోసే గొలుసుకు జారుడు కోసం వేరేగా పోసే నూనె! వాడకుండా మూల పెడితే బార్, అదే గొలుసు తిరిగే పట్టీ, దగ్గర్నుంచి అది కాస్త కారడం మామూలే. పెట్రోలైతే ఆరిపోయి, అందులో కలిపే టూటీ ఆయిల్ రంగు పల్చటి మచ్చ మిగులుతుంది.

మరుసటేడు నిజంగానే పెట్రోలు కారింది. అప్పుడూ ట్యాంకు బాగానే ఉంది. కార్బ్యురేటర్‌కు వెళ్లే రబ్బరు పైపు, ట్యాంకు గోడలోంచి బయటికొచ్చే చోట బిరుసెక్కి పగిలింది. వేలితో వంచితే ఎండు కొమ్మలా చిట్లింది. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత రబ్బరుకు అది పడదు. పైపు మార్చాను, కారడం ఆగింది. కాబట్టి ఇంజిన్ చల్లారాక మిషన్‌ను ఆరుబయట ఒక్కో పక్కకు వాల్చి ఉంచండి. ఎటు వాలిస్తే ఎక్కడ చెమరుస్తోందో చూశాకే ఎంసీల్ మాట ఎత్తండి.

ఆ ఎంసీల్ "ఏ ట్యాంకుకైనా" అతుక్కోదు. ట్యాంకు అడుగున చిన్న అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి, టార్చి వేసి చదవండి. పీఈ అనో హెచ్‌డీపీఈ అనో ఉంటే అది పాలిథిన్ జాతి. దాని మీద పెట్టిన ముద్ద ఎండాక గోటితో ఊడొస్తుంది. పీఏ6 అని ఉంటే నైలాన్. గరుకు కాగితంతో గీకి, జిడ్డంతా పోయేలా తుడిచి పెడితే కొన్నాళ్లు నిలవొచ్చు, అదీ ఆ వణుకుడుకు ఎన్నాళ్లో చెప్పలేం. మరీ పాత మిషన్లలో ట్యాంకు మెగ్నీషియం పోతపోసినది, దాని మీద బాగానే పట్టుకుంటుంది.

పాలిథిన్ ముక్క సంగతి. కొన్ని మిషన్లకు గాలి పోయే రంధ్రం మూతలోనే ఉంటుంది. దాన్ని మూసేస్తే కాసేపటికి ట్యాంకులోకి గాలి అందక పెట్రోలు పైకి రాదు, ఇంజిన్ ఆగిపోతుంది. ఇక తాడు లాగి లాగి భుజం పట్టేయాల్సిందే. మూతలోని రబ్బరు రింగు మార్చుకోండి. సగం ట్యాంకు చిట్కాకు నా దగ్గర జవాబు లేదు. చీలిక అడుగున ఉంటే ఏం చేయాలో ఆ మెసేజ్ రాసినాయన్నే అడగండి.

ఇక ఐదోది. ఇది చదివాకే నాకు ఒళ్లు మండింది. ఖాళీ ట్యాంకే కదా అంటాడు. మండేది పెట్రోలు ఆవిరి. గాలిలో అది ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం మధ్య ఉంటే చాలు, అంటుకుంటుంది. నిండు ట్యాంకులో ఆ ఆవిరి చిక్కగా ఉండి గాలికి చోటుండదు. ఖాళీ ట్యాంకులో రెండింటికీ చోటుంటుంది. ఖాళీ డ్రమ్ములు పేలేది అందుకే. మా ఊరి వెల్డర్ పాత డ్రమ్ము ఎవరు తెచ్చినా ముందు నీళ్లు పోయించి కానీ ముట్టుకోడు. ఆయన ఏ గ్రూపులోనూ లేడు, పదేళ్లుగా రెండు చేతులతోనే పని చేసుకుంటున్నాడు.

అరగంట ఎండ దేనికి సరిపోతుంది? ట్యాంకు మూలల్లో, లోపలి ఫిల్టరులో, పైపులో చుక్కలు మిగులుతాయి. ఐరన్ వేడికి అవే ఆవిరవుతాయి. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, మూత తీసి పెట్టినా అడుగునే కూర్చుంటుంది. దాని మీద ముఖం పెట్టి, కళ్లు చిట్లించి, ఐరన్ ఆనించమంటున్నాడు మహానుభావుడు. అదృష్టం బాగుండి అతికిందే అనుకుందాం. చాలా మోడళ్లలో వెనక పిడీ ట్యాంకూ ఒకే ముక్క. ఆ అతుకు వణుకుడుకు మళ్లీ విచ్చుకునేది మీరు రెండు చేతులతో మిషన్ పట్టుకుని చెట్టు కోస్తున్నప్పుడు, సైలెన్సర్ కాలిపోతున్నప్పుడు. షాపు ఖర్చు మిగులుతుంది, ఒప్పుకున్నాను. ఆస్పత్రి ఖర్చుకు ఆరో చిట్కా రాయడం మర్చిపోయినట్టున్నాడు.

సబ్బును మాత్రం చివరికి మిగిల్చాను, దాన్ని కూడా ఉతికి ఆరేద్దామనే. కానీ తిత్లీ గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11న తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో దారులన్నిటికీ కొబ్బరి చెట్లు అడ్డం పడ్డాయి. మా దారి కోస్తున్న ఒక పెద్దాయన మిషన్ ట్యాంకు ఒక చోట చెమర్చడం మొదలైంది. ఆయన ఇంజిన్ ఆపి, బీడీ కాల్చుకునే కుర్రాణ్ని దూరంగా పొమ్మని, చల్లారేదాకా కూర్చున్నాడు. తర్వాత సంచిలోంచి బట్టల సబ్బు ముక్క తీసి ఆ చోట గట్టిగా రుద్ది, బొటనవేలితో అదిమాడు. సాయంత్రం దాకా చుక్క రాలలేదు. సబ్బు నీళ్లకు కరుగుతుంది కానీ పెట్రోలుకు కరగదు. ఆ పూటకు అది పనిచేస్తుంది, కళ్లారా చూశాను. మర్నాడు ఆయన ట్యాంకు మార్పించడానికి వెళ్లాడనుకోండి.

బావా, ఆదివారం నీ మిషన్ పట్టుకురా. నా అనుమానం పైపు మీదే. మీటరు పొడవు పైపు ముక్క నా దగ్గరుంది. పెట్రోలు అక్కడే డబ్బాలోకి వంపేసి రా, కిందటిసారి కారంతా వాసన కొట్టిందని అక్క నన్నే తిట్టింది.