మహారాజశ్రీ వైన్ కూలర్ గారి సముఖమునకు

మహారాజశ్రీ వైన్ కూలర్ గారికి, మీ యజమాని నమస్కరించి రాయునది ఏమనగా.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. మీరు కుశలమేనని మీ మోటారు మోత చెబుతూనే ఉంది. నా సంగతే బాగాలేదు. రాత్రి రెండింటికి లేచి, మీ అద్దం తలుపులోంచి తేమ మీటరు చూసి, నిట్టూర్చి మళ్లీ పడుకునే మనిషిని కుశలంగా ఉన్నాడని ఎవరంటారు?

మిమ్మల్ని తెచ్చింది వైన్ కోసం కాదని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మీ చెక్క అరలన్నీ పీకేసి, తీగలు కట్టి, ఇంట్లో పెంచిన గంజాయి కొమ్మల్ని తలకిందులుగా వేలాడదీసిన రోజున కూడా మీరు కిమ్మనలేదు. (చట్టం ఒప్పుకున్నన్ని మొక్కలే లెండి. ఆ విషయంలో నాకు టెన్షన్ లేదు. నా టెన్షనంతా మీతోనే.)

అసలు మన జాతకాలు ఎంత బాగా కలిశాయి! మొగ్గలు ఆరడానికి కావలసింది 15, 16 డిగ్రీల చల్లదనం, గాలిలో సుమారు 60 శాతం తేమ, చీకటి, కొద్దిగా గాలి కదలిక, 10 నుంచి 14 రోజుల ఓపిక. వేడి ఎక్కువైతే వాసననిచ్చే టెర్పీన్లు గాలిలో కలిసిపోతాయి. తేమ ఎక్కువైతే బూజు. వెలుతురు పడితే మత్తునిచ్చే టీహెచ్‌సీ కాలక్రమేణా అంత మత్తు లేని సీబీఎన్‌గా మారిపోతుంది. మామూలు ఫ్రిజ్ మరీ చలి. మీరేమో 5 నుంచి 18 డిగ్రీల దాకా ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతానని డబ్బా మీద రాయించుకున్నారు. ఎండ సోకకుండా నల్ల అద్దం కూడా ఉంది. ఇంతకన్నా మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుందనుకుని రెండో ఆలోచన లేకుండా ఖాయం చేసుకున్నాను.

మీరు ఒక్క విషయం దాచారు. మీకు నీళ్ల సంగతి తెలియదు.

తప్పు మీది కాదు, పెంపకానిది. పుట్టిన దగ్గర్నుంచీ మీకు సీసాలతోనే సావాసం. సీసా ఎలాంటి మనిషి? బిరడా బిగించుకుని, లోపలి చుక్క బయటికి పొక్కనివ్వకుండా ఏళ్ల తరబడి పడుకుంటుంది. మీరు చల్లగా ఉంటే చాలు, మిమ్మల్ని ఇంకేమీ అడగదు. అప్పుడే కోసిన మొగ్గ అలా కాదు. దాని బరువులో ముప్పావు వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ నీళ్లే. కిలో వేలాడదీస్తే చివరికి చేతికొచ్చేది పావుకిలో, ఇంకా తక్కువ. మిగిలిన ముప్పావు కిలో ఎక్కడికి పోయింది? ముందుగా మీ కడుపులోకే. దాన్ని ఏం చేసుకోవాలో మీకు ఎవరూ నేర్పలేదు.

పోనీ ఏమీ చేయకుండా ఊరుకున్నారా అంటే అదీ లేదు. మీ వెనక గోడలో ఓ పలక ఉంది. మోటారు తిరిగినంతసేపూ అది గడ్డకట్టేంత చల్లబడి, గాలిలో ఉన్న తేమనంతా లాగేసి ఒళ్లంతా పులుముకుంటుంది. మీటరు 80 నుంచి 45కి జారుతుంది. నా గుండె కూడా. ఇంతలో చల్లదనం చాలు అనుకుని మీరు మోటారు ఆపేస్తారు. పలక మీది నీళ్లలో కొన్ని వెనక తొట్టిలోకి పోతాయి, కొన్ని మళ్లీ ఆవిరై లోపలికే వస్తాయి. మీటరు 70. ఉదయం అప్పిచ్చి సాయంత్రం ముక్కు పిండి వసూలు చేసే వడ్డీ వ్యాపారి కూడా ఇంత హడావుడి చేయడు.

మీ దాయాది ఒకాయన ఉన్నాడట, మోటారు లేనివాడు. 1834లో పెల్టియర్ అనే ఫ్రెంచి ఆయన చూసిన వింతే ఈ దాయాదికి ఆధారం: రెండు వేరు వేరు లోహాలు కలిసేచోట కరెంటు పారితే ఒకవైపు చల్లబడుతుంది, ఇంకోవైపు వేడెక్కుతుంది. చప్పుడు లేదు, కుదుపు లేదు, పలక మీద అంత చెమటా పట్టదు. గది కాస్త వేడెక్కితే మాత్రం చేతులెత్తేస్తాడు, కరెంటేమో కడుపునిండా తాగుతాడు. అయినా ఆయన్నే తెచ్చుకోవాల్సింది అని ఈమధ్య నాకు అనిపిస్తోంది. మీకు కోపం వచ్చినా సరే, ఉన్నమాట చెబుతున్నాను.

మిమ్మల్ని దారిలో పెట్టడానికి నేను పడ్డ పాట్లు మీరు చూశారు. చల్లదనానికి ఒక కంట్రోలర్, తేమకు ఇంకొకటి. లోపల తేమ పీల్చే బుల్లి యంత్రం, దాని పక్కనే తేమ వదిలే బుల్లి యంత్రం. ఒకటి తాగుతుంది, రెండోది కక్కుతుంది. గాలి కోసం పాత కంప్యూటర్లోంచి పీకిన ఫ్యాను. వీధి వీధంతా వాసన రాకుండా బొగ్గు ఫిల్టరు. ఇన్ని వైర్లు లోపలికి పోవాలంటే పక్క గోడకు రంధ్రం పెడదామని డ్రిల్లు పట్టుకున్నాను చూడండి, ఆ క్షణంలో మీ వెనక అంటించిన చీటీ మీద ఆర్600ఏ అన్న అక్షరాలు కనబడబట్టి ఇద్దరం బతికిపోయాం. అది ఐసోబ్యూటేన్, మండే వాయువు. దాని గొట్టాలు గోడలో ఎటు పోతాయో బయటికి కనబడవు. ఆ రోజు నుంచి వైర్లన్నీ మీ నీళ్లు పోయే కన్నంలోంచే పోతున్నాయి. మర్యాదగా లేదు, నిజమే.

ఇక మీటర్లు. ఒకటి నమ్మలేక రెండు, రెండూ తగవు పడితే తీర్పు చెప్పడానికి మూడోది. మూడూ కలిసి మూడు మాటలు చెప్పాయి. తడిపిన ఉప్పును మూత బిగించిన డబ్బాలో మీటరుతో పాటు పెడితే కొన్ని గంటల తర్వాత 75 చూపించాలి. ఎక్కడైనా ఉప్పు అబద్ధమాడదు. ఒకటి 70 అంది, ఒకటి 75, ఒకటి 81. అందరికంటే ఖరీదైనది 81 అంది.

మొదటి పంట సంగతి ఎత్తి మిమ్మల్ని నొప్పించాలని లేదు. కానీ ఎత్తుతాను. అయిదో రోజుకే పైన కరకరలాడింది. అబ్బో అనుకుని గాజు జాడీల్లోకి ఎత్తాను, మాగుతుందని. మీరు పై పొరను తొందరగా ఎండగొట్టి తేమను లోపలే బంధించారని నాకేం తెలుసు? మర్నాటికి జాడీలో మొగ్గలు మెత్తబడ్డాయి, మీటరు 72. నిజానికి అక్కడ 58, 62 మధ్య ఉండాలి, రోజూ కాసేపు మూత తీసి గాలి మార్చాలి, మూడు నాలుగు వారాలకు గానీ రుచి కుదరదు. నాకు కుదిరింది గడ్డివాము వాసన. కాడ వంచితే పుటుక్కున విరగాలన్న చిన్న పరీక్ష చేసి ఉంటే తెలిసేది. మూడు మీటర్లున్న మనిషికి కాడ వంచి చూడాలని ఎందుకు తోస్తుంది?

రెండో పంటకు నేను రెండు రోజులు ఊళ్లో లేను. వచ్చి చూస్తే మీ ప్లగ్గు ఊడి ఉంది, బహుశా వైర్ల గుత్తికి నా కాలు తగిలి ఉంటుంది. ఫ్యాను మాత్రం తన ప్లగ్గు మీద తను మెల్లగా తిరుగుతోంది. బూజు పట్టేసిందనుకుని తలుపు తీశాను. గది చల్లగానే ఉంది, 18 డిగ్రీలు. మీటరు 61. గంట తర్వాత చూస్తే 61. రాత్రి రెండింటికి లేచి చూస్తే, 60.

కొమ్మలు 12వ రోజున దిగాయి. కాడ పుటుక్కుమంది. జాడీలు బీరువాలో ఉన్నాయి, మూత తీసినప్పుడు గది నిండా నిమ్మతొక్క వాసన.

మీ లోపలి నీలం లైటు వెలగడం లేదని కంగారు పడొద్దు. ప్లగ్గు నేను ఇంకా పెట్టలేదు. ఫ్యాను తిరుగుతోంది, మీరు నిద్రపోండి.

ఇట్లు,
మీ యజమాని, మూడు మీటర్ల ఆసామి